పాలపన్నే కదా!

"నవ్వు నాలుగు విధాల చేటు" అన్నారు పెద్దలు. ఆ నాలుగు విధాలూ ఏవో చెప్పే పని మన తెలుగు మేష్టార్లకు వదిలేస్తున్నాను. కిందటి ఎన్.ఎస్.ఎస్. క్యాంపులో నేను చూసింది అయిదో విధం. నవ్వితే నల్లటి పళ్ళు నలుగురికీ కనబడతాయని, అరచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే ఎనిమిదేళ్ళ పిల్లను చూశాను.

చీపురుపల్లికీ రాజాంకీ మధ్య ఉన్న ఒక పల్లెలో మా క్యాంపు. పొద్దున్న చెరువుగట్టు మీద మట్టిపని, సాయంత్రం బడి పిల్లలతో ఆటపాటలు. ఆ పిల్ల మూడో క్లాసు. మొదటి రెండు రోజులూ చేతి చాటున నవ్వింది. మూడో రోజున ఆ నవ్వూ లేదు. ఎడమ బుగ్గ బూరెలా వాచిపోయింది. మధ్యాహ్న భోజనంలో పెట్టిన గుడ్డు కంచంలో అలాగే ఉండిపోయింది. "ఏమ్మా, తినలేదేం?" అంటే ఉలకదు, పలకదు. పక్కన కూర్చున్న కుర్రాడే జవాబు చెప్పాడు: "దానికి పన్ను సలుపండీ!"

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాం. తల్లీ తండ్రీ వలస వెళ్ళారు, హైదరాబాదులో కట్టడం పనుల్లో ఉన్నారు. పిల్లను సాకుతున్నది అమ్మమ్మ. బుగ్గకు పసుపూ సున్నమూ పట్టు వేసింది. "డాక్టరుకు చూపించలేదా, మామ్మా?" అన్నాం. ఆవిడ మమ్మల్ని వింతగా చూసింది.

"పాలపన్నే కదా బాబూ! నేడో రేపో ఊడిపోయేదే. దానికి డాక్టరేటి?"

ఆ మాటలో కోపం లేదు, నిర్లక్ష్యమూ లేదు. ఆకు రాలుతుంది, పొద్దు కుంకుతుంది అన్నంత సహజంగా అంది. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఎందుచేతనంటే చిన్నప్పుడు నా పన్ను పుచ్చినప్పుడు మా అమ్మా ఇదే మాట అంది. మన ఇళ్ళలో అనని వారెవరు? బళ్ళో మేష్టారు అంటారు. ఆరోగ్యశాఖ కాగితాలు పైకి అనవు కాని, చేతల్లో అవీ అదే అంటాయి. మన పిల్లల పళ్ళకు పంచదార చేస్తున్న చేటు కన్నా ఈ ఒక్క మాట చేస్తున్న చేటే ఎక్కువని నా అభిప్రాయం. ఈ నాలుగు పేజీలూ ఆ మాట మీదనే.

ఇది ఏ ఒక్క పల్లెలోనో, ఏ ఒక్క పిల్లకో వచ్చిన కష్టమనుకుంటే పొరబాటు. భారత డెంటల్ కౌన్సిల్ 2002-03లో దేశమంతటా దంతారోగ్య సర్వే జరిపించింది. అయిదేళ్ళ పిల్లల్లో 51.9 శాతానికి, పన్నెండేళ్ళ వారిలో 53.8 శాతానికి, పదిహేనేళ్ళ వారిలో 63.1 శాతానికి పిప్పిపళ్ళున్నట్టు తేలింది. అంటే ఒకటో క్లాసు గదిలోకి వెళ్ళి నిలబడితే, ఎదురుగా ఉన్న పిల్లల్లో సగంమంది నోట్లో పుచ్చు ఉన్నట్టే లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన నివేదిక ప్రకారం ప్రపంచం మొత్తం మీద 51 కోట్లకు పైగా పిల్లలకు పాలపళ్ళలో పుచ్చు ఉంది. ఇంత పెద్ద జబ్బు ఇంత నిశ్శబ్దంగా ఉండటానికి కారణం ఏమిటి? పంటినొప్పితో ఏడ్చే పిల్లకు ఓటు లేకపోవడమా? లేక ఆ ఏడుపు మనకు అలవాటైపోవడమా?

పన్ను ఎందుకు పుచ్చుతుంది అని అడిగితే మన పల్లెల్లో ఇప్పటికీ "పురుగు పట్టింది" అంటారు. వాకుడు గింజల పొగ పట్టి, నోట్లోంచి పురుగులు రాల్చి చూపించేవాళ్ళు మొన్నమొన్నటి దాకా సంతల్లో తిరిగేవారు. మనవాళ్ళను చూసి నవ్వనక్కర లేదు, యూరపు కూడా శతాబ్దాల తరబడి ఆ పురుగునే నమ్మింది. 1728లో ఫ్రెంచి దంతవైద్యుడు పియెర్ ఫోషార్ ఆ పురుగు తనకెక్కడా కనబడలేదని రాశాడు. 1890లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు మిల్లర్ అసలు సంగతి తేల్చాడు. నోట్లో ఉండే సూక్ష్మజీవులు మనం తిన్న తీపిని, పిండిని పులియబెట్టి ఆమ్లం తయారు చేస్తాయి. ఆ ఆమ్లం పన్ను పైనున్న పింగాణి పొరను కరిగిస్తుంది. శరీరం మొత్తం మీద అంత గట్టి పదార్థం ఇంకొకటి లేదు. అటువంటిది కూడా కరిగిపోతుంది.

ఇక్కడ గమనించవలసిన కీలకం ఒకటుంది. తీపి తిన్న ప్రతిసారీ నోట్లో ఆమ్లం పెరిగి, తగ్గడానికి సుమారు అరగంట పడుతుంది. ఆ తరువాత మన లాలాజలమే పోయిన ఖనిజాన్ని కొంత తిరిగి పన్నుకు అందిస్తుంది. ప్రకృతి చేసే మరమ్మత్తు అన్న మాట. కాని అరగంటకోసారి ఏదో ఒకటి నములుతూంటే ఆ మరమ్మత్తుకు వ్యవధి ఎక్కడిది? కనుక ఎంత తీపి తిన్నామన్న దానికన్నా ఎన్నిసార్లు తిన్నాం, అది పంటికి ఎంతసేపు అంటుకుని ఉంది అన్నవే ముఖ్యం. 1940ల చివర స్వీడన్‌లోని విపెహోల్మ్ ఆస్పత్రిలో దీన్ని రుజువు చేశారు. బుద్ధిమాంద్యం గల రోగులకు వాళ్ళ సమ్మతి లేకుండానే, పంటికి అంటుకునే టాఫీలు రోజంతా తినిపించి చూశారు. భోజనంతోపాటే తీపి తిన్నవారి పళ్ళు అంతగా చెడలేదు. భోజనానికీ భోజనానికీ మధ్య టాఫీలు నమిలినవారి పళ్ళు నాశనమయ్యాయి. ఆ ప్రయోగం చేసిన పద్ధతి వైద్యశాస్త్రానికే మచ్చ. కాని ఆ అభాగ్యులు తమ పళ్ళతో చెల్లించి నేర్పిన పాఠాన్ని మరచిపోవడం అంతకన్నా పెద్ద తప్పు.

ఆ పాఠాన్ని మన ఊళ్ళకు అన్వయించుకుందాం. మనది చెరకు పండే నేల. భీమసింగి, సంకిలి, లచ్చయ్యపేట అంటే ఈ ప్రాంతం వారికి చక్కెర ఫ్యాక్టరీలే గుర్తొస్తాయి. పులుసులో చిన్న బెల్లంముక్క పడందే మనకు రుచించదు. పైడితల్లి అమ్మవారి సిరిమాను పండక్కి వెళ్ళిన పిల్లవాడు జీళ్ళ పొట్లం లేకుండా ఇంటికి రాడు. విపెహోల్మ్ టాఫీకి మన జీడి అచ్చం అన్నదమ్ము. మరి మన తాతల పళ్ళు ఎందుకు పుచ్చలేదు? వాళ్ళకు తీర్థం ఏడాదికొక్కసారి. జీళ్ళూ ఏడాదికొక్కసారే. ఇప్పుడో? బడి గేటుకు ఎదురుగా బడ్డీలో తీర్థం రోజూ జరుగుతోంది. చాక్లెట్టు, క్రీము బిస్కట్టు, రంగునీళ్ళ ప్యాకెట్టు, పంటికి అతుక్కునే జెల్లీ. వలసపోయిన తల్లిదండ్రులు పంపే డబ్బులో పిల్ల చేతికి ఓ పది రూపాయలు వస్తాయి. అమ్మానాన్నలు దగ్గర లేని లోటు తీర్చడానికి అమ్మమ్మ దగ్గర ఉన్న ఒకే ఒక్క ఉపాయం ఆ పది రూపాయలు. "గుంట ఏడిస్తే ఏటి సెయ్యాల బాబూ, ఓ బిస్కట్ పొట్లం కొనిస్తాను" అంది ఆ మామ్మ. ఆ బిస్కట్టులో పంచదారా ఉంది, ప్రేమా ఉంది. ఈ రెంటినీ విడదీసి చెప్పగల ఉపన్యాసం నాకింతవరకూ దొరకలేదు.

తెలుగులో 'పన్ను' అన్న మాటకు రెండర్థాలున్నాయి. బడ్జెట్ రోజున పేపరు చూసి 'ఎంత పన్ను వేశారో' అని గుండెలు బాదుకుంటాం. బడ్డీకొట్టు పంచదార మన పిల్లల మీద ప్రతి రోజూ వసూలు చేసే పన్నును మాత్రం ఎవ్వరమూ లెక్క పెట్టం!

ఇక అసలు మాటకు వస్తాను. పాలపన్ను ఊడిపోయేదే కదా?

నిజమే, ఇరవై పాలపళ్ళూ ఊడిపోయేవే. కాని ఎప్పుడు? ముందుపళ్ళు ఆరేడేళ్ళకు ఊడినా, వెనుక నమిలే పాలపళ్ళు పది పన్నెండేళ్ళ దాకా ఉండాలి. అంటే హైస్కూలు మెట్లు ఎక్కే వరకూ పిల్ల తిండి తినవలసింది వాటితోనే. అవి ముందే పోతే పక్కపళ్ళు ఆ ఖాళీలోకి ఒరిగి, కింద నుంచి వచ్చే పన్నుకు చోటు లేక వంకరగా వస్తుంది. పాలపన్ను మూలంలో చీము పడితే, దాని కిందనే తయారవుతున్న శాశ్వతదంతం కూడా దెబ్బతినవచ్చు. ఒక్కొక్కప్పుడు ఆ చీము పంటితో ఆగదు. 2007లో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో, సకాలంలో వైద్యం అందని ఒక పన్నెండేళ్ళ పేద పిల్లవాడు పంటి చీము మెదడుకెక్కి చనిపోయాడు. అంత సంపన్న దేశంలో కూడా పిల్లవాడి పన్ను ఎవరికీ పట్టలేదు.

ఇంకొక సంగతి ఉంది. ఇది మన ఇళ్ళలో చాలామందికి తెలియదు. ఆరేళ్ళ వయసులో, పాలపళ్ళ వరుసకు వెనుక, ఏ పన్నూ ఊడకుండానే నిశ్శబ్దంగా కొత్త దవడపళ్ళు నాలుగు వస్తాయి. పాతది ఊడి వచ్చింది కాదు కనుక అందరూ దాన్ని కూడా పాలపన్నే అనుకుంటారు. కాని అది శాశ్వతదంతం. జన్మకు ఒక్కసారే వస్తుంది.

ఆ పిల్లను మర్నాడు మా ప్రోగ్రాం ఆఫీసరుగారు, నేనూ, మామ్మా కలిసి బస్సులో టౌనుకు తీసుకువెళ్ళాం. పళ్ళ డాక్టరుగారు నోరు తెరిపించి చూసి, అద్దం పక్కన పెట్టి, మెల్లిగా అన్నారు. "ఇది పాలపన్ను కాదండీ. ఆరేళ్ళ దవడపన్ను. ఏడాది ముందు తెచ్చి ఉంటే చిన్న సిమెంటుతో పోయేది. ఇప్పుడు తీసేయడం తప్ప దారి లేదు."

మామ్మకు మొదట అర్థం కాలేదు. "మళ్ళీ వస్తాది గదా బాబూ?" అని అడిగింది. రాదని డాక్టరుగారు చెప్పారు. ఆవిడ మనవరాలి తల నిమురుతూ తిరుగు బస్సు దిగే వరకూ ఒక్క మాట మాట్లాడలేదు.

ఇంతవరకూ చదివిన మిత్రులకు కొన్ని సందేహాలు రావచ్చు. వాటిని దాటవేయడం నాకిష్టం లేదు.

మొదటిది: "వేపపుల్ల ఉన్న రోజుల్లో ఈ బాధలు ఉన్నాయా?" వేపపుల్లను, కానుగపుల్లను నేను తీసిపారెయ్యను. శ్రద్ధగా తోమితే పుల్ల అయినా పాచిని తీస్తుంది. కాని తాతల పళ్ళను కాపాడింది పుల్ల ఒక్కటే కాదు, బడ్డీకొట్టు లేకపోవడం కూడా. అయినా పాతదంతా బంగారం అనుకోవద్దు. మన శ్రీకాకుళం జిల్లా నోటి ఆరోగ్యం విషయంలో ప్రపంచానికెక్కింది దేనితో తెలుసా? అడ్డపొగతో! చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకుని కాల్చే ఆ అలవాటు వల్ల అంగిలికి వచ్చే మచ్చలు, పుళ్ళు, కేన్సరు గురించి డెన్మార్క్, బొంబాయి శాస్త్రజ్ఞులు కలిసి ఈ జిల్లాలో 10,169 మంది పల్లెవాసులను పరీక్షించి, 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ కేన్సర్‌లో ప్రకటించారు. మన అమ్మమ్మల అంగిళ్ళను చూడటానికి కోపెన్‌హాగెన్ నుంచి మనుషులు వచ్చారు. మనవరాళ్ళ పళ్ళను చూడటానికి పక్క టౌను నుంచి మనం వెళ్ళలేమా?

రెండోది: "పేస్టులో ఫ్లోరైడ్ ఉంటుంది, అది విషం కదా?" నల్లగొండ కష్టాలు విన్న తెలుగువాళ్ళకు ఈ భయం సహజం. బోరునీళ్ళలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించి ఫ్లోరైడ్ ఉండి, ఏళ్ళ తరబడి వాటినే తాగితే పళ్ళు గారపడతాయి, మోతాదు మరీ ఎక్కువైతే ఎముకలు వంగిపోతాయి. అది నిజం. కాని పన్ను మీద పైపైన రాసి ఉమ్మేసే కొద్దిపాటి ఫ్లోరైడ్ కథ వేరు. అది పింగాణిని ఆమ్లానికి లొంగకుండా గట్టిపరుస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఫ్లోరైడ్ పేస్టును అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మూడేళ్ళ లోపు పిల్లకు బియ్యపు గింజంత, ఆ పైన బఠాణీ గింజంత చాలు. మింగకుండా పెద్దవాళ్ళు పక్కన ఉండాలి. టీవీ ప్రకటనలో చూపించినట్టు బ్రష్షు పొడుగునా పాములా పరచనక్కర లేదు. ఆ పాము పంటి కోసం కాదు, కంపెనీ అమ్మకం కోసం. ఉప్పు, బొగ్గు, ఇటుకపొడి అయితే పింగాణిని అరగదీస్తాయే గాని కాపాడవు.

మూడోది, అన్నిటికన్నా బరువైనది: "ఉద్దానంలో కిడ్నీలు పోతున్నాయి, ఏజెన్సీలో మలేరియా ఉంది, ఆడపిల్లలకు రక్తం చాలడం లేదు. వీటి ముందు పంటినొప్పి ఒక సమస్యా?" నేను కూడా మొదట ఇలాగే అనుకున్నాను. కాని కంచంలో మిగిలిపోయిన ఆ గుడ్డు నా అభిప్రాయం మార్చింది. రక్తహీనత పోవాలని ప్రభుత్వం గుడ్డు పెడుతోంది. 2020 నుంచి వేరుశనగ చిక్కీ, 2023లో రాగిజావ కూడా చేర్చారు. మంచిదే. కాని నమలలేని నోటికి ఎంత మంచి తిండి పెట్టి ఏం లాభం? పంటినొప్పి ఉన్న పిల్లకు రాత్రి నిద్ర ఉండదు, పగలు పాఠం తలకెక్కదు. మిగిలిన రోగాల నుంచి డబ్బు లాక్కుని పళ్ళకు పెట్టమని నేననడం లేదు. ఇప్పటికే పెడుతున్న డబ్బు పిల్ల గొంతు దిగాలంటే పళ్ళు ఉండాలంటున్నాను. పైగా చిక్కీ పంటికి అతుక్కునే వస్తువు. దాన్ని మానిపించమనడం మూర్ఖత్వం. తిన్న వెంటనే నోరు పుక్కిలించమని చెప్పకపోవడం అంతకు తక్కువ మూర్ఖత్వమేమీ కాదు.

మరి చేయవలసింది ఏమిటి? కొత్త పథకాలకు కొత్త పేర్లు వెతకనక్కర లేదు.

ఫిలిప్పీన్స్ దేశంలో 'ఫిట్ ఫర్ స్కూల్' అన్న కార్యక్రమం కింద బడుల్లో మూడు పనులు చేయిస్తున్నారు. రోజూ సబ్బుతో చేతులు కడిగించడం, రోజూ ఫ్లోరైడ్ పేస్టుతో అందరిచేతా ఒకేసారి పళ్ళు తోమించడం, ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మందు వెయ్యడం. స్కాట్లండ్‌లో అయితే నర్సరీ నుంచే టీచరు ఎదుట పిల్లలంతా పళ్ళు తోముతారు. మన బడుల్లో నులిపురుగుల మాత్ర 2015 నుంచి వేస్తూనే ఉన్నారు. భోజనానికి ముందు చేతులు కడిగించడమూ ఉంది. మూడింటిలో మిగిలింది ఒక్కటే, బ్రష్షు! భోజనం అయ్యాక అయిదు నిమిషాలు, గోడకు పేర్లు రాసిన బ్రష్షుల స్టాండు, ఒక పెద్ద పేస్టు ట్యూబు, కుళాయి. దీనికి పెద్ద డాక్టరూ అక్కర లేదు, పెద్ద చదువూ అక్కర లేదు. పని ఇప్పటికే తలకు మించి ఉన్న మేష్టార్ల నెత్తిన ఇది కూడా రుద్దడం న్యాయం కాదు. గ్రామంలో పొదుపు సంఘాల ఆడవాళ్ళున్నారు, పెద్ద క్లాసు పిల్లలున్నారు.

రెండోది చట్టం. బడి గేటు నుంచి 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, పంచదార అధికంగా ఉన్న తినుబండారాలు అమ్మరాదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2020లోనే నిబంధన తెచ్చింది. ఎన్ని ఊళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? బడ్డీ నడిపే బీదవాడి పొట్ట కొట్టమని కాదు. అదే బడ్డీలో జామకాయ, ఉడకబెట్టిన శనగలు, వేరుశనక్కాయలు అమ్మితే ఎవరి పొట్టా మాడదు.

మూడోది వైద్యం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్యబృందాలు ఏడాదికోసారి బడి పిల్లల్ని పరీక్షించాలి. వాళ్ళ జాబితాలో పళ్ళూ ఉన్నాయి. 'పుచ్చు' అని కార్డు మీద రాస్తారు, పెద్దాస్పత్రికి వెళ్ళమంటారు. ఎవరు తీసుకువెళ్ళాలి? ఒక రోజు కూలి, ఇద్దరికి బస్సు ఛార్జీలు ఎవరిస్తారు? పరీక్ష ఉంది, కార్డు ఉంది, వెంట వెళ్ళే మనిషి లేడు. మన దేశంలో డాక్టర్ ఆర్. అహ్మద్ కలకత్తాలో మొదటి డెంటల్ కాలేజీ పెట్టింది 1920లో. నేడు దేశంలో డెంటల్ కాలేజీలు 300 దాటాయి. శ్రీకాకుళంలోనూ ఉంది, విశాఖ చుట్టుపక్కలా ఉన్నాయి. కాని కరెంటు కుర్చీ కదలదు కాబట్టి డాక్టరూ కదలడు. నిజానికి చిన్న పుచ్చును చేతి పనిముట్లతోనే గీకి, గ్లాస్ అయనోమర్ సిమెంటు నింపే పద్ధతి 1980ల్లో టాంజానియా పల్లెల్లో పుట్టింది. కరెంటు లేదు, మర లేదు, చాలావరకు ఇంజెక్షనూ లేదు. బడి బెంచీ మీద పడుకోబెట్టి చెయ్యవచ్చు. ఆఫ్రికా పల్లెకు చేతనైనది మన పల్లెకు చేతకాదా?

చివరగా మన సంగతి. ఎదుటివాళ్ళకు బోధలు చేసి, మనం తప్పించుకోవడం సబబు కాదు. ఆ క్యాంపు ముగింపు సభలో మేము పిల్లలందరికీ టూత్‌బ్రష్షులు పంచాం. ముఖ్య అతిథి వచ్చారు, ఫొటోలు తీశారు. అందులో నేనూ ఉన్నాను, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ ఉన్నాను. నెల తరువాత ఆ పిల్లను చూద్దామని ఒక్కణ్ణే వెళ్ళాను. మేమిచ్చిన బ్రష్షు చూరులో గుచ్చి ఉంది. కవరు విప్పలేదు. "మీరిచ్చిందే బాబూ, జాగ్రత్తగా దాసినాను" అంది మామ్మ.

ఆ రోజు నేను ఆ కవరు విప్పి, పెరట్లో నుయ్యి దగ్గర పిల్లను కూర్చోబెట్టి, ఎలా తోమాలో చూపించాను. అయిదు నిమిషాలు పట్టింది. అదే పని క్యాంపులో ఏడు రోజులున్నప్పుడు ఎందుకు చెయ్యలేదో ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంది.

అందుచేత మన యూనియన్ పెద్దలకు నా మనవి ఒకటే. ఈ ఏడాది ప్రతి ఎన్.ఎస్.ఎస్. యూనిటూ ఒక ప్రాథమిక పాఠశాలను తీసుకోవాలి. ఏడు రోజులకు కాదు, ఏడాది పొడుగునా. వారానికి ఇద్దరు చొప్పున వెళ్ళి భోజనం తరువాత పళ్ళు తోమించాలి. కార్డు మీద 'పుచ్చు' అని పడిన పిల్లకు తోడుగా ఆస్పత్రిదాకా బస్సెక్కాలి. దీనికి సభలు, దండలు, ముఖ్య అతిథులు వద్దు. ఈ సావనీరు చదువుతున్న పూర్వ విద్యార్థుల్లో దంతవైద్యులైన వారు నెలకొక్క ఆదివారం ఇవ్వగలిగితే అంతకన్నా మించిన విరాళం లేదు.

ఆ పిల్ల ఇప్పుడు నాలుగో క్లాసు. ఎడమవైపు నమలదు, కుడివైపే నములుతుంది. ఆ వైపు పన్నుకు కూడా చిన్న నల్లచుక్క కనబడుతోంది. వచ్చే నెల బస్సులో ఆమె వెంట వెళ్ళడానికి నాకు ఇంకొక తోడు కావాలి. ఎవరొస్తారు?